వాడు కొండ ఎక్కుతూ పోలేదు

వాడు కొండ ఎక్కుతూ పోలేదు. వాడంటే కొండలెక్కే మా బృందంలోవాడు, నా స్నేహితుడు. ముందు ఈ ఒక్క సంగతీ తేల్చుకుంటే మిగతాది మాట్లాడుకోవచ్చు.

సంతాప సభలో మైకు పట్టుకున్నవాళ్ళలో సగం మంది "ప్రాణంగా ప్రేమించిన కొండ మీదే ప్రాణం వదిలాడు" అన్నారు. మిగతా సగం "ఇష్టమైన పని చేస్తూ పోయాడు, ఎంతమందికి దొరుకుతుంది ఆ అదృష్టం" అన్నారు. చెప్పినవాళ్ళ మనసులో ఏ దోషమూ లేదు. కానీ జరిగింది అది కాదు. ఆ రోజు ఎక్కడం అయిపోయింది. తాడు చుట్టేశారు. హెల్మెట్లు సంచులకు తగిలించేశారు. వేళ్ళు నలిగిపోయేంత బిగుతుగా ఉండే క్లైంబింగ్ బూట్లు విప్పేసి చెప్పులు వేసుకున్నారు. దిగే కాలిబాటలో కొంత దూరం వచ్చాక, ఎక్కేటప్పుడు చేతులకు పూసుకునే చాక్ పొడి సంచి పైనే మర్చిపోయానని వాడికి గుర్తొచ్చింది. "మీరు నడుస్తూ ఉండండి, ఇప్పుడే వచ్చేస్తా" అని వెనక్కి వెళ్ళాడు. సంచి దొరికింది, నడుముకు కట్టుకున్నాడు కూడా. తిరిగి వస్తూ, చుట్టూ తిరిగి రావడం ఎందుకని ఏటవాలు బండ మీంచి అడ్డంగా నడిచాడు. అక్కడ జారాడు.

వాడికి ఇరవై ఆరేళ్ళు. ఆ బండ కన్నా ఎంతో కష్టమైన రాళ్ళ మీద గంటల తరబడి వేళ్ళ కొసలతో నిలబడ్డవాడు. ఆ క్షణంలో మాత్రం వాడు చేస్తున్నది ప్రాణంగా ప్రేమించిన పనేమీ కాదు. మర్చిపోయిన వస్తువు తెచ్చుకుంటున్నాడు, మనం తాళం చెవి కోసం ఇంట్లోకి మళ్ళీ వెళ్ళొచ్చినట్టు.

ఆ రోజు వాడితో ఉన్న కుర్రాడితో కలిసి తర్వాత నేను ఆ చోటు చూసి వచ్చాను. పైనుంచి చూస్తే భయపడాల్సిందేమీ కనబడదు. బండ పొడిగా, బూడిద రంగులో, అరికాలికి పట్టు దొరికేంత గరుకుగా ఉంది. మధ్యలో ఒక పగులు. ఆ పగుల్లోంచి నీరు ఊరుతుంది, అదీ ఎంత సన్నగానంటే ఎండ పడుతున్నప్పుడు తడి కూడా తెలియదు. దాని దిగువన జానెడు వెడల్పున పాచి. పచ్చగా ఉంటే ఎవరైనా జాగ్రత్త పడతారు. ఇది ఎండి నల్లబడి రాతి రంగులో కలిసిపోయింది. వేలితో రాసి చూస్తే పైపొర కింద ఇంకా తడే, వేలు జారిపోయింది. అటు గరుకు రాయి, ఇటు గరుకు రాయి, మధ్యలో ఆ జానెడు. అడుగు అరిగిపోయిన చెప్పు సరిగ్గా దాని మీద పడింది. అక్కణ్ణుంచి బండ వాలు పెరుగుతూ పెరుగుతూ అంచు దాకా వెళ్తుంది. పట్టుకోవడానికి ఒక్క గడ్డిదుబ్బు కూడా లేదు.

పోయినవాడి గురించి రాస్తూ ఈ పాచి గురించీ చెప్పుల గురించీ ఏమిటి అని కొందరికి చిరాకు కలగొచ్చు. నేను చెప్పదలచుకున్నది సరిగ్గా దాని గురించే. హఠాత్తుగా పోయిన కుర్రాణ్ణి తలుచుకోవడంలో, ఎలా పోయాడో ఉన్నదున్నట్టు చెప్పుకోవడం కూడా ఒక భాగం. అది పక్కన పెట్టి మిగతాదంతా ఎంత అందంగా చెప్పుకున్నా, మనం తలుచుకుంటున్నది వాణ్ణి కాదు, మన వీలును బట్టి తయారుచేసుకున్న ఇంకెవరినో.

ఇలాంటి చావు వినగానే చెప్పడానికి రెండు కథలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఒకటి వీరుడి కథ. భయమంటే తెలియనివాడు, ప్రకృతి ఒడిలోకి వెళ్ళిపోయాడు, అలాంటివాళ్ళు మన మధ్య ఎక్కువ కాలం ఉండరు. రెండోది తలబిరుసు కథ. చక్కగా ఉద్యోగం చేసుకోక ఈ కొండలేమిటి, కన్నవాళ్ళ గురించి ఒక్క నిమిషం ఆలోచించొద్దూ. మొదటిది మైకులో చెప్తారు, రెండోది సభ బయట చెప్పులు వెతుక్కుంటూ చెప్తారు. చాలాసార్లు రెండూ చెప్పేది ఒకే మనిషి. ఈ రెండూ సరిపోకపోతే "రాసిపెట్టి ఉంది, నూరేళ్ళూ నిండాయి" అనే మూడోది ఉండనే ఉంది.

మూడింటిలోనూ నాకు ఒకే లోపం కనిపిస్తుంది. 'ఎలా' అన్న ప్రశ్నకు చోటు లేకుండా 'ఎందుకు' అన్నదానికి సమాధానం చెప్పేస్తాయి. వీరుడు కాబట్టి పోయాడు, పొగరు కాబట్టి పోయాడు, ఆయుష్షు తీరింది కాబట్టి పోయాడు. ఇక ఆ జానెడు పాచితో ఎవరికి పని? అది అక్కడే ఉంటుంది, ఇంకొకరి చెప్పు కోసం.

మన దగ్గర మల్లి మస్తాన్ బాబు పేరెత్తగానే 172 రోజులు అంటారు. 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను ఆ 172 రోజుల్లో ఎక్కిన మనిషి ఆయన. గర్వపడాల్సిందే. 2015 మార్చి 24న ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ట్రెస్ క్రూసెస్ సుర్ శిఖరం వైపు వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఏప్రిల్ 3న దేహం కనబడింది. ఆ 172 అన్న అంకె నేను ఎన్నోసార్లు విన్నాను. ఒంటరిగా వెళ్ళినవాడికి పైన వాతావరణం ఎదురు తిరిగితే ముందున్న దారులేమిటి అన్న చర్చ మాత్రం ఆయన పేరు పక్కన విన్నది తక్కువ. దాన్ని ఆయన మీద విమర్శగా భావిస్తారేమోనన్న మొహమాటం మనకు. కొండల్లో తిరిగే పిల్లలకు మాత్రం ఆ అంకె కన్నా ఆ చర్చే ఎక్కువ పనికొస్తుంది.

ఇక్కడ లిన్ హిల్ సంగతి చెప్పాలి. అమెరికాలో యోసెమిటీ లోయలో ఎల్ కాపిటాన్ అనే రాతిగోడ ఉంది, ఎత్తు 900 మీటర్ల వరకూ ఉంటుంది. దాని మీద నోస్ అనే మార్గాన్ని, తాడును పడిపోకుండా కాచుకోవడానికే తప్ప ఎక్కడానికి వాడకుండా, మొట్టమొదట పూర్తిచేసింది ఆవిడే. అది 1993లో. మరుసటి ఏడాది అదే మార్గాన్ని ఒక్క రోజు లోపలే ఎక్కేసింది. అంతటి మనిషి 1989లో ఫ్రాన్స్‌లో ఒక తేలికపాటి మార్గం దగ్గర, ఒళ్ళు వేడెక్కడానికని మొదలుపెడుతూ, తాడును నడుముకు కట్టుకునే పట్టీ, అంటే హార్నెస్‌లోంచి దూర్చి, ముడి పూర్తిచేయకుండానే బూట్లు తొడుక్కోవడానికి వెళ్ళింది. మాటల్లో పడి ముడి సంగతి మర్చిపోయింది. పైన జాకెట్ ఉండడంతో సగం ముడి కంటికి కనబడలేదు. పైదాకా ఎక్కి, ఇక దింపండి అన్నట్టు తాడు మీద వెనక్కి వాలింది. తాడు జారిపోయింది. 20 మీటర్లకు పైగా పడింది. చెట్టు కొమ్మల్లోంచి పడడం వల్ల బతికింది.

బతికింది కాబట్టి ఆ సంగతి ఆవిడే చెప్పింది. బతికింది కాబట్టి విన్నవాళ్ళు దాన్ని పాఠంగా తీసుకున్నారు. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళయినా నేల వదిలే ముందు ఒకరి ముడి ఒకరు చూడాలి అనడానికి ఇప్పటికీ ఆ ఉదాహరణే చెప్తారు. అదే ఆ చెట్టు అక్కడ లేకపోయుంటే? జరిగిన పొరపాటు అదే, మనిషీ అదే. ఆ మధ్యాహ్నం చెట్టు ఉన్నా లేకపోయినా ముడిలో తేడా ఏమీ లేదు. కానీ చెట్టు లేకపోతే ఆవిడ 'ఆకాశాన్ని తాకాలనుకున్న ధీర' అయ్యుండేది, ముడి గురించి మాట్లాడడం అమర్యాద అయ్యుండేది. చనిపోయినవాళ్ళ పొరపాటు గురించి ఎత్తకూడదన్న మన మర్యాద ఎక్కడ మొదలవుతుందో చూడండి.

బ్రాడ్ గోబ్రైట్‌కు అలాంటి చెట్టు దొరకలేదు. నోస్ మార్గాన్నే 2017 అక్టోబరులో జతగాడితో కలిసి 2 గంటల 19 నిమిషాల 44 సెకన్లలో ఎక్కి అప్పటికి రికార్డు సృష్టించిన కుర్రాడు. 2019 నవంబరు 27న మెక్సికోలోని ఎల్ పొట్రెరో చికోలో పోయాడు. అప్పటికి వయసు 31. అదీ ఎక్కుతూ కాదు, దిగుతూ. ఇద్దరు ఒకేసారి దిగే పద్ధతి ఒకటుంది. తాడును పైన కొక్కెంలోంచి దూర్చి, ఒక కొస పట్టుకుని ఒకరు, రెండో కొస పట్టుకుని ఇంకొకరు ఒకేసారి దిగుతారు. ఒకరి బరువు ఇంకొకరిని నిలబెడుతుంది. సమయం కలిసొస్తుంది. కానీ దానికి రెండు షరతులున్నాయి. తాడు మధ్య భాగం సరిగ్గా కొక్కెం దగ్గరుండాలి, అంటే రెండు కొసలూ సమానంగా వేలాడాలి. ఒకవేళ అలా లేకపోయినా పట్టు తప్పిపోకుండా ప్రతి కొసకూ ఒక ముడి ఉండాలి. కొస దాటిపోబోతే ఆ ముడి దిగే పరికరంలో ఇరుక్కుని మనిషిని ఆపేస్తుంది. ఆ రోజు కొసలు సమానంగా లేవు. ముడులూ లేవు. అతని వైపు తాడు ముందు అయిపోయింది. తాడు మొత్తం అవతలి వైపుకు పరుగెత్తింది. జతగాడు కూడా పడ్డాడు గానీ కింద ఒక అరుగు లాంటి చోట ఆగి బతికాడు. బతికినవాడు, ముడులు వెయ్యలేదని దాచకుండా చెప్పాడు. నా దృష్టిలో స్నేహితుడి కోసం అతను చేయగలిగిన పెద్ద పని అదే.

ఆ ముడి వెయ్యడానికి పట్టే సమయం మీరు ఈ వాక్యం చదివేంత కూడా కాదు. అది తెలియక వదిలేసినవాడు కాదు గోబ్రైట్. తెలిసినవాడే వదిలేస్తాడు. కొత్తగా నేర్చుకునేవాడు రెండుసార్లు చూసుకుంటాడు, పక్కవాణ్ణి అడుగుతాడు, భయపడతాడు. అమెరికాలో 1972 నుంచి 2003 దాకా జరిగిన 715 మంచుచరియల ప్రమాదాలను ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు పరిశీలించాడు. మంచుచరియల గురించి శిక్షణ పొందినవాళ్ళు కూడా, తమకు బాగా అలవాటైన చోటికి వచ్చేసరికి, కొత్త చోట చూపించే జాగ్రత్త చూపించలేదని అందులో తేలింది. ఇది చదివినప్పుడు నాకు మావాడి బండే కళ్ళ ముందు కదిలింది. వాడికి అది ఎన్నోసార్లు నడిచిన బండ.

దిగడం గురించి కూడా ఒక మాట. ఎవరెస్ట్ మీద 1921 నుంచి 2006 వరకు జరిగిన 212 మరణాలను వైద్యులు అధ్యయనం చేశారు. 8000 మీటర్ల పైకి వెళ్ళి చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది పోయింది దిగే దారిలో. 1865 జులై 14న ఆల్ప్స్ పర్వతాల్లోని మాటర్‌హార్న్ శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఏడుగురిలో నలుగురు పోయింది కూడా దిగేటప్పుడే. అందులో డగ్లస్ హాడోకు 19 ఏళ్ళు, ఫ్రాన్సిస్ డగ్లస్‌కు 18. హాడో కాలు జారింది, ముందున్న మనిషిని తాకాడు, ఒకే తాడుకు కట్టుకున్న ఇంకో ఇద్దరిని ఆ బరువు లాగేసింది. వాళ్ళకూ వెనకవాళ్ళకూ మధ్య తాడు తెగింది. తెగిన తాడు వాళ్ళ దగ్గరున్న తాళ్ళలో అన్నిటికన్నా నాసిది. పైనున్నవాడు కావాలనే కోశాడని పుకారు లేచింది. ఆ కొండ దిగువనున్న జెర్మాట్ ఊళ్ళో విచారణ జరిగి కోయలేదని తేల్చారు. ఆ తాడు ముక్క ఇప్పటికీ జెర్మాట్ మ్యూజియంలో ఉంది. శిఖరం మీద తొలి అడుగు గురించిన గొప్పలన్నీ ఒక ఎత్తు, గాజు పెట్టెలో ఉన్న ఆ నాసి తాడు ఒక ఎత్తు. ఆ నలుగురి గురించి నిజం చెప్తున్నది ఆ తాడే.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. అది బలమైనదే. ఇంట్లోవాళ్ళ సంగతేమిటి? ముక్కలైపోయి కూర్చున్న తల్లి ముందు చెప్పుల గురించి, పాచి గురించి మాట్లాడతారా? ఓదార్చాల్సిన చోట పంచనామా చేస్తారా?

నేను చూసింది చెప్తాను. సభ అయ్యాక వాళ్ళింట్లో కూర్చున్నాం. వాళ్ళమ్మ నన్ను అడిగింది. "ఎక్కడ జారాడు బాబూ? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?" పక్కనే ఉన్న వాళ్ళ బాబాయి అందుకున్నాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు వదినా, వాడు హాయిగా వెళ్ళిపోయాడు." ఆవిడ ఆయన వైపు తిరిగి, "హాయిగా వెళ్ళాడని నీకెవరు చెప్పారు?" అంది. గొంతు పెంచలేదు గానీ ఆయన మళ్ళీ నోరెత్తలేదు. నేను మొత్తం చెప్పాను. సంచి కోసం వెనక్కి వెళ్ళడం, అడ్డదారి, బండ, పాచి. "కాళ్ళకేం వేసుకున్నాడు?" అంది. చెప్పులమ్మా అన్నాను. "ఆ పాతవేనా?" అవునన్నాను. తర్వాత ఇంకా చాలా అడిగింది. ఎంతసేపట్లో చూశారు, ముందు ఎవరు దిగారు, అప్పటికి ఊపిరుందా. తెలిసినవన్నీ చెప్పాను.

అప్పుడు తెలిసింది, అన్ని రోజులూ ఆవిడ మనసులో ఏం నడుస్తోందో. తాడు తెగిందనుకుందట. వేలాడుతూ అరిచి ఉంటాడనుకుందట. ఎవరో పట్టుకోవాల్సినవాడు వదిలేశాడనుకుందట, ఆ ఎవరో ఎవరై ఉంటారా అని వాడి స్నేహితుల మొహాలన్నీ సభలో వరసగా చూసిందట. మనం చెప్పకుండా దాచిన నిజం స్థానంలో ఆవిడ అంతకన్నా ఎన్నో రెట్లు ఘోరమైనదాన్ని తనంతట తనే కట్టుకుంది, రోజూ కొంత. మనం చెప్పిన 'హాయిగా వెళ్ళాడు' దాని మీద ఒక్క గీత కూడా గీయలేకపోయింది. అందరూ ఇలాగే ఉంటారని నేననను. వినలేనివాళ్ళుంటారు, వాళ్ళు అడగరు. అడగనివాళ్ళ మీద వివరాలు రుద్దమని కాదు నా మాట. అడిగినవాళ్ళ నోరు మూయించే హక్కు మనకు లేదు.

ఆ రోజు వాడితో ఉన్న కుర్రాడి సంగతి ఇంకా కష్టం. వాడు కాలిబాట మీద ముందు నడుస్తున్నాడు. శబ్దం విన్నాడు, పడడం చూడలేదు. 'నేనూ వెనక్కి వెళ్ళుంటే', 'సంచి రేపు తెచ్చుకుందాం అని ఉంటే'. నిద్ర పోయింది, తిండి పోయింది. అందరూ భుజం తట్టి "నీ తప్పేం లేదురా" అంటున్నారు. ఏం జరిగిందో తెలియకుండా, ఎవరూ దాని గురించి మాట్లాడనివ్వకుండా, నీ తప్పేం లేదు అంటే నమ్మడం ఎలా? ఆ చోటుకు వెళ్ళి, ఆ పాచి మీద వేలు పెట్టి చూసి, తను పక్కనే ఉన్నా ఆ వాలులో పట్టుకోవడం కుదిరేది కాదని కళ్ళారా చూసినప్పుడే వాడు నోరు విప్పి మాట్లాడాడు. బాధ మొత్తం పోయిందని కాదు. కానీ లేని తప్పును వెతుక్కోవడం తగ్గింది. వీరుడి కథ వాడికి చేసిన సాయమేమీ లేదు. స్నేహితుడు కొండలో కలిసిపోయాడని చెప్తే, తను మిగిలిపోవడం ఒక నేరంగానే కనిపిస్తుంది.

1936 జులైలో స్విట్జర్లాండ్‌లోని ఐగర్ పర్వతం ఉత్తర గోడ మీద నలుగురు కుర్రాళ్ళు పోయారు. అందులో ఆండ్రియాస్ హింటర్‌స్టోయిసర్ 21 ఏళ్ళవాడు. అప్పటిదాకా ఎవరూ దాటలేని ఒక నున్నటి రాతి భాగాన్ని అతను తాడు ఆసరాతో అడ్డంగా దాటి, మిగతా ముగ్గురినీ దాటించాడు. అందరూ దాటాక తాడు లాగేసుకున్నారు. పైన ఒకడికి రాయి తగిలి గాయమవడంతో వెనక్కి రావాల్సొచ్చింది. ఈలోగా ఆ భాగం మీద మంచు పేరుకుంది. లాగేసిన తాడు లేకుండా దాన్ని తిరిగి దాటలేకపోయారు. నేరుగా కిందికి దిగబోతుంటే మంచుచరియ విరిగిపడింది. నలుగురిలో టోని కుర్ట్స్ ఒక్కడే మిగిలాడు. రాత్రంతా గోడకు వేలాడాడు. ఒక చెయ్యి గడ్డకట్టుకుపోయింది. మర్నాడు గైడ్లు దగ్గర దాకా వచ్చారు. వాళ్ళు ఒక తాడు పొడవు చాలక రెండు కలిపి ముడివేసి పంపారు. అతను దిగుతూ దిగుతూ వచ్చేసరికి ఆ ముడి కొక్కెంలోంచి దూరలేదు. గడ్డకట్టిన చేత్తో దాన్ని దూర్చలేక, కాపాడడానికి వచ్చినవాళ్ళకు కొద్ది మీటర్ల ఎత్తులోనే జులై 22న ప్రాణం వదిలాడు. 23 ఏళ్ళు.

ఇందులో విషాదానికి కొదవ లేదు. కానీ నన్ను పట్టి ఆపేది తర్వాతి సంగతి. తర్వాతి ఏళ్ళలో అదే చోట అడ్డంగా దాటినవాళ్ళు తాడు తీయలేదు. అక్కడే వదిలేశారు. ఇప్పటికీ అక్కడ తాడు కట్టే ఉంటుంది. ఆ భాగానికి పేరు హింటర్‌స్టోయిసర్ ట్రావెర్స్, అంటే హింటర్‌స్టోయిసర్ అడ్డంగా దాటిన చోటు. ఆ పేరులో వాడి ప్రతిభ ఉంది, వాడి ప్రాణం తీసిన తాడు సంగతీ ఉంది. అక్కడ దాటే ప్రతి మనిషీ ఒక చేత్తో ఆ తాడు పట్టుకునే ఆ కుర్రాణ్ణి తలుచుకుంటాడు. ఏ స్తూపం కన్నా నాకు అదే నచ్చింది.

అమెరికన్ ఆల్పైన్ క్లబ్ వాళ్ళు 1948 నుంచి ప్రమాదాల నివేదికలు ప్రచురిస్తున్నారు. ప్రతిదానిలో ముందు ఏం జరిగిందో, తర్వాత దాని విశ్లేషణ. ఎవరినీ తిట్టరు, ఎవరినీ పొగడరు. కొండలెక్కేవాళ్ళు వాటిని శ్రద్ధగా చదువుతారు. నాకు వాటి మీద ఒక ఫిర్యాదుంది. అవి పనికొస్తాయి గానీ వాటిలో మనిషి ఉండడు. 'క్లైంబర్, 26' అని ఉంటుంది. ఆ 26 ఏళ్ళవాడు తాడు చుట్టేటప్పుడు ప్రతి చుట్టకూ పెదవులు కదిపి లెక్కపెట్టేవాడని ఉండదు. కుక్కలంటే భయమని, తాడుకు వేలాడడానికి జంకనివాడు వీధికుక్క కనబడితే నా వెనక నక్కేవాడని ఉండదు. కొత్తగా వచ్చిన పిల్లల హార్నెస్‌లు ఒక్కొక్కటే లాగి చూసి, వాళ్ళు చిరాకుపడితే "నువ్వు పడితే మీ నాన్న నన్ను తంతాడు" అని నవ్వించేవాడని ఉండదు. నా హెడ్‌ల్యాంపు ఒకటి వాడి దగ్గరుండిపోయిందని ఉండదు. అడిగితే ప్రతిసారీ "ఛార్జింగ్‌లో ఉంది" అనేవాడు.

మిగతా అందరి హార్నెస్‌లూ లాగి చూసిన వాడే అరిగిపోయిన చెప్పులతో పాచి ఉన్న బండ మీద నడిచాడు. ఈ రెండు సంగతులూ పక్కపక్కనే ఉండాలి. మొదటిదొక్కటే చెప్తే వీరుడైపోతాడు, రెండోదొక్కటే చెప్తే తెలివితక్కువవాడైపోతాడు. రెండూ కలిపి చెప్తేనే నాకు తెలిసిన కుర్రాడు.

అయితే అసలు వెళ్ళడమే మానుకోవాలా అని అడుగుతారు. నేను మానలేదు. అలాగని "రోడ్డు మీద రోజూ ఎంతమంది పోవడం లేదు" అని వాదించను. ఆ వాదన నాకెప్పుడూ నచ్చలేదు. రోడ్డు మీదికి పని మీద వెళ్తాం, కొండకు సరదా పడి వెళ్తాం. ప్రమాదం ఉందని తెలిసి వెళ్తున్నాం, అది మాకిచ్చేదేదో ఉంది కాబట్టి వెళ్తున్నాం. ఆ లెక్క ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సిందే. నేను అడిగేది ఒక్కటే. వెళ్ళేవాళ్ళకు ఆ లెక్క వేసుకోవడానికి నిజమైన అంకెలు కావాలి. మనం చనిపోయిన ప్రతివాడి గురించీ అందమైన అబద్ధం చెప్తూ పోతే, తర్వాతివాడు దేన్ని చూసి లెక్క వేసుకోవాలి?

అలెక్స్ లోవ్ అనే పర్వతారోహకుడు 1999 అక్టోబరు 5న టిబెట్‌లోని శిశాపంగ్మా పర్వతం మీద మంచుచరియ కింద పడి పోయాడు. ఆయన పేరు మీద కుటుంబం ఒక సంస్థ పెట్టింది. దాని చొరవతో 2003 నుంచి నేపాల్‌లోని ఫోర్ట్సే గ్రామంలో, ఎత్తైన కొండల మీద పనిచేసే షెర్పాలకు తాళ్ళు వాడడం, ముడులు వెయ్యడం, మంచులో కాపాడుకోవడం నేర్పుతున్నారు. ఆయన దేహం 2016లో గానీ కనబడలేదు. అప్పటికే ఏళ్ళ తరబడి అక్కడ ముడులు నేర్పుతూనే ఉన్నారు.

మా బృందంలో ఇప్పుడు నడుస్తున్న గొడవ దీనికి సంబంధించిందే, చిన్నదే. వాడు పోయిన చోట ఒక ఫలకం పెడదామని అందరూ ఒప్పుకున్నారు. ఏం రాయాలన్నదాని దగ్గర ఆగింది. కొందరు వాడి ఫోటో, కింద 'కొండల ప్రేమికుడు' అని రాయించారు, నమూనా కూడా వచ్చేసింది, బాగానే ఉంది. ఫోటోలో వాడు నవ్వుతున్నాడు. నేను రాసిచ్చింది ఇది: "ఇక్కణ్ణుంచి ఎడమవైపు బండ మీదికి వెళ్ళకండి. పగులు కింద పాచి ఉంది, ఎండలో కనబడదు. కాలిబాట మీదే నడవండి. చదునైన నేల వచ్చేదాకా బూట్లు విప్పకండి. మా స్నేహితుడు ఇక్కడ చెప్పులతో నడుస్తూ జారిపోయాడు." దాని కింద వాడి పేరు.

'చెప్పులతో' అన్న మాట తీసేయమన్నారు ముగ్గురు. చదివేవాళ్ళు వాణ్ణి తేలిగ్గా తీసుకుంటారట. వాళ్ళమ్మను అడిగాం. ఆవిడ రెండు కాగితాలూ చదివి, "ఫోటో ఇంట్లో పెట్టుకుంటాను, అక్కడ ఇది పెట్టండి" అంది. అయినా ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. ఫలకం చేసేవాడు అక్షరాలు మరీ ఎక్కువయ్యాయని, లోహం కాకుండా రాయి మీద చెక్కిస్తే ఎండకూ వానకూ నిలుస్తుందని అంటున్నాడు. రాయే చేయించమన్నాను, అక్షరాలు మాత్రం ఒక్కటీ తగ్గించొద్దన్నాను.